ఆరని సంచికి పేలిక

ఆర్మూర్ పసుపు యార్డులో రత్నవ్వను మోసం చేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. పుట్టినా వాడి తల్లి వాణ్ణి ఆ దిక్కుకు పంపదు. రాశి ముందు గొంతుక్కూర్చుని ఆమె ఒక కొమ్ము చేతిలోకి తీసుకుందంటే చుట్టుపక్కల మాటలు ఆగిపోతాయి. రెండు చేతులతో పట్టి విరుస్తుంది. టక్‌మని విరిగితే ఎండినట్టు. మెత్తగా వంగితే రత్నవ్వ నోరు లేచినట్టు.

"గిది పసుపు కొమ్మా, ఉడకబెట్టిన చామగడ్డనా? ఎవలింటికి కూరకు తెచ్చినవ్?" అని ఆమె అడిగితే ఎంతటి రైతైనా తువ్వాలతో మొహం తుడుచుకోవాల్సిందే.

ఆరని సంచి కనబడితే దాని మూతికి ఒక పాత గుడ్డపేలిక కట్టడం అక్కడి ఆడకూలీల అలవాటు. పేలిక ఉన్న సంచిని ఎవరూ కుట్టరు, ఎవరూ మోయరు. మళ్లీ ఎండలో పోసి, ఆరిందని తేలాకే పేలిక విప్పుతారు. పేలిక కట్టించుకోవడం అవమానమేమీ కాదు. ఆరలేదని తెలిసీ ఊరుకుని, మంచి సంచుల కింద తోసెయ్యడమే అవమానం. రత్నవ్వ కొంగుకు ఎప్పుడూ రెండు మూడు పేలికలు ముడివేసి ఉంటాయి.

ఆమె మొగుడు సాలోమోను వేరే మట్టితో చేసిన మనిషి. మబ్బు కనబడితే వాన పడిందంటాడు. పొయ్యి మీద ఎసరు పెడితే అన్నం తిన్నానంటాడు. కౌలుకు తీసుకున్న కొద్దిపాటి చేనులో పసుపు మొలక రాకముందే, ఈసారి పంట ఇరగపండిందని చర్చిలో అందరికీ చెప్పేస్తాడు. అబద్ధాలకోరు కాదు పాపం. నమ్మకం ఎక్కువ. దాన్ని మోసే ఓపిక మాత్రం రత్నవ్వకు లేదు.

వీళ్లకు ఇద్దరు పిల్లలు. కొడుకు సుకుమార్ యార్డులో సంచులు మోసే ట్రాలీ ఆటో నడుపుతాడు. కూతురు రూత్ అచ్చం తల్లి పోలిక. చిన్నప్పుడు సండే స్కూల్లో యోనా చేప కడుపులో ఉన్నాడని చెబితే, "చేప కడుపుల దీపం ఉండెనా? లేకుంటే కడుపుల ఉన్నట్టు ఆయనకెట్ల ఎర్కయింది?" అని అడిగి పాస్టరయ్యకు చెమటలు పట్టించింది. డిచ్‌పల్లిలో లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, ఊళ్లోనే ఒక ప్రైవేటు ఇంటర్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఆ కాలేజీలో పిల్లలు ఎందుకని అడగకూడదు, మేడం ఎందుకో చెప్పకూడదు. ఫార్ములా పెట్టు, జవాబు రాయి, అంతే. రోజూ సాయంత్రం రూత్ ఇంటికి వచ్చేసరికి పెదాలు బిగించుకుని ఉండేది. మొహం కడుక్కుని, పాత ల్యాప్‌టాప్ తెరిచి, దాని ముందు కూర్చుంటే గానీ ఆ బిగువు సడలేది కాదు.

పక్కింటి ముత్తెమ్మకు ఇది వింతగా ఉండేది. ముత్తెమ్మ యార్డులో రత్నవ్వ పక్కనే కూర్చుని పసుపు ఏరుతుంది. ఏరే పనికంటే ఊళ్లో వాళ్ల సంగతులు ఏరే పని ఆమెకు బాగా వచ్చు.

"ఓ రత్నవ్వా, నీ బిడ్డ రోజు గా డబ్బతోని ఏం ముచ్చట వెడ్తది? సంబంధమేమన్న కుదిరిందా?"

"సంబంధం కాదు, లెక్కలు."

"లెక్కలు చేసుడు కంప్యూటర్‌కే వస్తదంట గద. మళ్ల నడుమల ఈమె ఎందుకు?"

ఆ ప్రశ్న రత్నవ్వకు పంటి కింద రాయిలా తగిలింది. ఇంటికి వస్తూనే కూతుర్ని నిలదీసింది.

"ఏమే, మిషినే లెక్కలు చేస్తే నువ్వేం జేస్తున్నవ్?"

"కూడుడు, తీసేసుడు కాదమ్మా. ఒక మాట నిజమా కాదా అని తేల్చుడు. నేనొక మాట చెప్తా. ఎందుకు నిజం అని మిషిన్ అడుగుతది. కారణం చెప్తా. గా కారణం ఎందుకు నిజం అంటది. గట్ల అడుగు దాక పోవాలె. యాడన్న తప్పితే ఎర్రగీత గీస్తది. నేను చెప్పిన కదా నమ్ము అంటే వినది."

"అంటే మా అత్త లెక్క."

"నాయనమ్మనా?"

"మరి! ‘యాడికి వోయినవ్?’ ‘బోరింగు కాడికి.’ ‘ఎందుకు?’ ‘నీళ్లకు.’ ‘పొద్దుగాల తెచ్చిన నీళ్లేమైనయ్?’ ‘తాగినం.’ ‘ఎవలు తాగిండ్రు?’ పాపం, సచ్చి దేవుని దగ్గరికి వోయింది అనుకున్న. నీ డబ్బల దాసుకున్నదా?"

రూత్ నవ్వీ నవ్వీ మంచం మీద పడింది. కానీ ఆ రోజు నుంచి రత్నవ్వకు ఆ మిషిన్ అంటే కాస్త గౌరవం కలిగింది. ఏ మాటనూ విరిచి చూడకుండా తీసుకోదు కదా, మనలాంటిదే అనుకుంది.

ఆ ఏడు పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజుల్లో రూత్‌కు ఒక కబురు తెలిసింది. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో అంకిత అనే ప్రొఫెసరమ్మ, లెక్కల్లో నిరూపణలను తనంతట తానే వెతుక్కునే మిషిన్‌ను తయారు చేయిస్తోంది. దానికి నేర్పడానికి, అది ఎక్కడ తడబడుతుందో చూడడానికి మనుషులు కావాలి. పరిశోధన ఉద్యోగం. ఇష్టమున్నవాళ్లకు ఒక సిద్ధాంతం ఇస్తారు. దాన్ని మిషిన్ ఒప్పుకునేలా అడుగడుగునా నిరూపించి శనివారం సాయంత్రంలోగా పంపాలి. ఒక్కసారే పంపాలి. పంపాక దిద్దుకునేది లేదు. నచ్చినవాళ్లను ఇంటర్వ్యూకు పిలుస్తారు.

"గిది గిట్ల రాకుంటే?" అని అడిగాడు సుకుమార్.

"రాకుంటే కాలేజోళ్లు ఎండాకాలంకెల్లి హాస్టల్ వార్డెన్ పని సుత నన్నే చెయ్యమన్నరు. పొద్దుగాల ఫార్ములాలు, రాత్రి పిల్లలు గోడ దుంకకుండ కావలి. ఇగ గీ ల్యాప్‌టాప్ నువ్వే తీస్కో, పాటలు పెట్టుకో."

నవ్వుతూనే అంది. కానీ రత్నవ్వ ఆ నవ్వును విరిచి చూసింది. లోపల తడి ఉంది. ఈ పిల్లకు ఈ నౌకరి రావాలి, అంతే, అనుకుంది.

కాలేజీకి సెలవు పెట్టి ఆ వారమంతా రూత్ ఇంట్లోనే ఉన్నా లేనట్టే. బుధవారం రాత్రి తల్లి అన్నం పెట్టి పిలిస్తే, పళ్లెం ముందుకు వచ్చి కూడా తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"అమ్మా, ఒక కుప్ప ఉన్నదనుకో. గా కుప్పల అన్నిటికన్న పెద్ద కొమ్ము ఒకటుంటది. ఔనా?"

"ఔ."

"ఎందుకు?"

"ఎందుకేందే, నీ తలకాయ! కుప్పన్నంక పెద్దదొకటి ఉండదా? గింత సంగతి సుత చెప్పాల్నా? గది లోకమంత ఎర్కున్నదే. ఇడిసిపెట్టు. అన్నం సల్లారుతుంది."

రూత్ నవ్వి, నిజమే, తర్వాత చూసుకోవచ్చులే అనుకుంది. అలాంటప్పుడు వాడుకోవడానికి ఆ మిషిన్‌లో ఒక వెసులుబాటు ఉంది. ‘ఈ మెట్టు తర్వాత చెబుతా’ అని ఒక మాట రాసి ముందుకు పోవచ్చు. ఆ మాట రాసి అన్నం తింది. ముందున్న మెట్లు కష్టమైనవి కావడంతో, వెనక వదిలిన ఆ సులువైన మెట్టు సంగతి పూర్తిగా మర్చిపోయింది.

శనివారం నడిపొద్దు దాటాక పోచంపాడ్ వైపు నుంచి మబ్బు లేచింది. కాలం కాని వాన. కల్లంలో ఉడికిన పసుపు పరిచి ఉంది. తడిసిందా, నల్లబడి ఎందుకూ పనికిరాదు. గల్లీ గల్లీ అంతా కప్పడానికి తాటిపత్రుల పట్టాలు పట్టుకుని కల్లాల వైపు పరుగెత్తింది. సాలోమోను అప్పటికే కల్లంలో నిలబడి, "వాన వచ్చింది! వాన వచ్చింది!" అని కేకలు పెడుతున్నాడు. ఒక్క చుక్క పడలేదు.

రత్నవ్వకు మోకాలు వాచి నాలుగు అడుగులు వెయ్యలేని స్థితి. రూత్ అప్పుడే ఆఖరి మెట్టు రాసింది. పాత ల్యాప్‌టాప్, ముసలి ఎద్దులా నెమ్మదిగా సరిచూసుకుంటోంది. అది అయ్యేదాకా తెర మీద పాత ఎర్రగీత అలాగే ఉంటుంది. రూత్ ఇటు ల్యాప్‌టాప్‌నూ అటు ఆకాశాన్నీ చూసింది. చున్నీ నడుముకు చుట్టింది.

"అమ్మా, గిటు రా. గీ ఎర్రగీత కనవడ్తుందా? గిది పోయిందంటే అయిపోయినట్టే. గప్పుడు గీ నీలం బటన్ నొక్కు. నాకోసం సూడకు. కరెంటు పోతే నెట్ పోతది, టైం దాటితే ఇగ అంతే."

"ఎర్రది పోవాలె, నీలంది నొక్కాలె. గంతేనా? గింత నాకు తెల్వదా? పో, పసుపు తడుస్తుంది!"

రూత్ పరుగు తీసింది. రత్నవ్వ ల్యాప్‌టాప్ ముందు, పొయ్యి మీద పాల దగ్గర కూర్చున్నట్టు, కళ్లు ఆర్పకుండా కూర్చుంది. బయట ఉరిమింది. గాలికి రేకులు లేచి పడుతున్నాయి. "కానియ్యవే అత్తా, ఎంతసేపు అడుగుతవ్, జర ఒప్పుకో" అని మిషిన్‌ను బతిమాలింది. లైటు ఒకసారి వణికింది.

అప్పుడు ఎర్రగీత పోయింది.

పోవడమే కాదు. పై వరసలో ఒక మాట కింద కొత్త గీత మెరిసింది. పసుపు గీత. చిక్కటి, నిగనిగలాడే పసుపు. రత్నవ్వ గుండె పొంగింది. ఎరుపంటే ఆగమని, ఏదో ముప్పు ఉందని ఎవరికైనా తెలుసు. పసుపు చూసి భయపడేవాళ్లు ఆర్మూర్‌లో ఎవరున్నారు? ఆ రంగు ఇంటికి వస్తేనే పిల్లలకు బట్టలు, ఆ రంగు మంచిగా ఉంటేనే యార్డులో మర్యాద. ఆ రంగు చేతికి అంటుకుంటే సబ్బు పెట్టి కూడా కడగరు. మిషిన్ ఒప్పుకోవడమే కాదు, శభాష్ అన్నదనుకుంది. చూపుడు వేలు కొంగుకు తుడుచుకుని, నీలం బటన్ నొక్కింది. కాసేపటికి కరెంటు పోయింది. తన తెలివికి తానే మురిసిపోయింది.

రూత్ తడిసి ముద్దయి వచ్చింది. పసుపు అంతా తాటిపత్రుల కింద భద్రంగా ఉంది.

"పోయిందా అమ్మా?"

"పోయింది."

"ఎర్రగీత?"

"గది సుత పోయింది!"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నవ్వుకున్నారు. రూత్ నాలుగు ముద్దలు తిని, వారం రోజుల నిద్ర ఒక్కసారిగా మీద పడ్డట్టు పడుకుంది. రత్నవ్వ మొగుడికి వడ్డిస్తూ, ఎర్రగీత ఎలా పోయిందో, పసుపు గీత ఎలా వచ్చిందో, తాను ఎలా నొక్కిందో చేతులు తిప్పుతూ చెప్పింది. సాలోమోను ముద్ద నోటి దగ్గర ఆపి వింటూ ఉండిపోయాడు. రత్నవ్వ అక్కడే జాగ్రత్త పడాల్సింది. పడలేదు.

మర్నాడు చర్చిలో పాటలయ్యాక, సాక్ష్యాలు చెప్పేవాళ్లు లేవండి అన్నారు. దేవుడు చేసిన మేలు ఏదైనా ఉంటే అందరి ముందు చెప్పి స్తుతించడం అక్కడి పద్ధతి. సాలోమోను లేచాడు. చంకలో దేవునికి కానుకగా కొత్త పసుపు మూట ఉంది. మైకు పట్టుకున్నాడు.

"ప్రభువుకు స్తోత్రం! నా బిడ్డ రూత్‌కు హైదరాబాద్ యూనివర్సిటీల నౌకరి ఇచ్చినందుకు స్తోత్రం!"

ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న రత్నవ్వ ఉలిక్కిపడింది. "ఇంకా ఇయ్యలె! ఓ అయ్యా, కూసో, ఇంకా ఇయ్యలె!" అని పళ్ల మధ్య నుంచి అంది. మైకు గొంతు ముందు ఆమె గొంతు ఏపాటిది? జీవితంలో మొదటిసారి రత్నవ్వ గొంతు ఓడిపోయింది.

"నిన్న మబ్బు వట్టినప్పుడు మిషిన్ మీద ఎర్రగీత ఉండె. నా భార్య కండ్ల ముంగట్నే గా ఎర్రగీత మాయమై పసుపు గీత వచ్చింది. ఆర్మూర్ పిల్లకు దేవుడు ఆర్మూర్ రంగులనే జవాబిచ్చిండు!"

చర్చి అంతా హల్లెలూయ అంది. ముత్తెమ్మ చప్పట్లు కొట్టింది. రూత్ మాత్రం మెల్లగా, మెడ పట్టేసినట్టు, తల్లి వైపు తిరిగింది.

"అమ్మా. పసుపు గీత వచ్చిందా?"

"ఔ. మంచి చిక్కటి పసుపు. ఒకటో రకం."

రూత్ లేచి తల్లి రెక్క పట్టుకుంది. చివరి దీవెన కాకముందే ఇద్దరూ చెప్పులు వెతుక్కున్నారు.

ఇంటికి రాగానే రూత్ ల్యాప్‌టాప్ తెరిచింది. అదిగో, బుధవారం వదిలేసిన మెట్టు. ‘తర్వాత చెబుతా’ అన్న మాట అక్కడే కూర్చుని ఉంది. కింద పసుపు గీత.

"పసుపంటే మంచిది కాదా?" అని అడిగింది రత్నవ్వ. గొంతులో ఎప్పుడూ లేని చిన్నతనం.

"మంచిది కాదమ్మా. ఎర్రది పోయినంకనే వస్తది. తప్పు లేదు గని ఒకటి మిగిలి ఉన్నదని. మొత్తం ఒప్పుకున్నట్టు కాదు."

"ఎర్రది పోతే నొక్కుమంటివి గద! పసుపు ముచ్చట చెప్పనే లేదాయె!"

"నాకే యాదికి లేకపాయె. గా మెట్టు ఇడిసిపెట్టుమన్నది ఎవలు? లోకమంత ఎర్కున్నదే అన్నది ఎవలు?"

"అన్నం సల్లారుతుందని అన్న! లెక్కే ఇడిసిపెట్టుమన్ననా?"

అప్పుడే ఇంట్లోకి వచ్చిన సుకుమార్ అటూ ఇటూ చూసి తీర్పు చెప్పాడు. "తప్పు ఇద్దరిది. మైకు తప్పు బాపుది."

"నేనేం జేసిన్రా? దేవుణ్ణి స్తుతించిన గంతే" అన్నాడు సాలోమోను, గుమ్మంలో నిలబడి, లోపలికి రావాలో వద్దో తెలియక.

ఇంతలో ముత్తెమ్మ గోడ మీంచి తల పెట్టింది. "ఎప్పుడు వోతుంది బిడ్డ? మిఠాయి ఏది?"

"పాకం ముదరలె! ముదిరినంక పిలుస్త, గోడ దిగు!" అని ఒక్క అరుపు అరిచి రత్నవ్వ గడప మీద కూలబడింది. మోకాలు నొప్పి కంటే లోపలి నొప్పి ఎక్కువగా ఉంది. యార్డులో ఒక్క కొమ్మును విరవకుండా వదలని మనిషి తను. కన్న కూతురి పని దగ్గరికి వచ్చేసరికి, విరవకుండానే వదిలెయ్యమని చెప్పింది. పైగా తన వేలితోనే నొక్కి పంపింది.

లోపల రూత్ ఆ మెట్టును నింపడానికి కూర్చుంది. అన్నం ఉడికేంత సేపట్లో అయిపోతుందనుకుంది. కాలేదు. పొద్దు వాలేదాకా తల పట్టుకుని కూర్చుంది.

"ఏందే, కుప్పల పెద్దది ఉంటదని చెప్పుడు గింత కష్టమా?"

"కుప్పే లేకుంటే పెద్దదేడికెల్లి వస్తది అంటున్నదమ్మా మిషిన్."

రత్నవ్వ నోరు తెరిచింది. కుప్పే లేని కుప్ప గురించి అడిగే మిషిన్‌ను చీపురుతో కొట్టాలన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. కానీ కల్లం గుర్తొచ్చింది. సంచులు ఎత్తి, ఊడ్చాక కల్లం అక్కడే ఉంటుంది. కుప్ప ఉండదు.

"అడిగేది నిజమే" అని ఒప్పుకుంది. ఇష్టం లేకుండానే. "ముందు కుప్ప ఉన్నదని చెప్పు. తర్వాత పెద్దది ఏరు."

"గదే చేస్తున్న. కుప్ప ఉన్నదని సుత నిరూపించాలె."

కాసేపటికి కీబోర్డు చప్పుడు ఆగింది. రూత్ తెర తిప్పి చూపించింది. ఎర్రగీత లేదు, పసుపు గీత లేదు. కడిగిన గచ్చులా శుభ్రంగా ఉంది.

"గిప్పుడేం లాభం" అంది రూత్. "పోయింది పోయింది. దిద్దుకునుడు లేదు. ఊకుంటే వాళ్లు చూడకపోవచ్చు."

"వాళ్ల మిషిన్ల సుత పసుపు గీత వస్తదా?"

"వస్తది."

రత్నవ్వ కొంగు ముడి విప్పి ఒక పేలిక చేతిలోకి తీసుకుంది. దాన్ని చూసింది. తెరను చూసింది. ఆమె మొహంలోకి రంగు మెల్లగా తిరిగి వచ్చింది.

"మరి గింతసేపు చెప్పవేందే! మిషిన్ పేలిక కట్టిందన్నట్టు. సంచి ఆరలేదని చెప్పి పెట్టింది. గిండ్ల సిగ్గేమున్నది? ఊకుంటేనే సిగ్గు. మేము యార్డుల ఏం జేస్తం? ‘సేటూ, గీ సంచి ఆరలె, పేలిక కట్టినం, గిప్పుడు ఎండవోసినం’ అని మేమే చెప్తం. నువ్వు సుత చెప్పు. తీస్కుంటే తీస్కుంటరు, లేకుంటే లేదు. రాయి!"

రూత్ ప్రొఫెసరమ్మకు రాసింది. ఏ మెట్టు వదిలేసిందో, ఎలా మర్చిపోయిందో, ఇప్పుడు ఎలా నింపిందో.

"నా పేరు గిట్ల రాసినవా?" అని అడిగింది రత్నవ్వ, తలుపు పక్క నుంచి.

"పేరు రాయలె. మా అమ్మ నొక్కింది అని రాసిన."

"నీకు ఇద్దరు అమ్మలున్నరా ఏంది! నేనే అని తెల్వదా వాళ్లకు?"

ఆ తర్వాతి రోజులు సాలోమోనుకు కష్టకాలం. గల్లీలో ఎవరు కనబడినా, "బిడ్డ ఎప్పుడు వోతుంది?" అని అడిగేవాళ్లే. ఆయన నమ్మకం మాత్రం తగ్గలేదు. అంగడికి వెళ్లి ఎర్ర సూట్‌కేసు కూడా కొనుక్కొచ్చాడు. రత్నవ్వ దాన్ని చూసింది. కొంగులోంచి పేలిక తీసి, దాని పిడికి గట్టిగా ముడివేసి, గోడకు ఆనించి పెట్టింది. ఇంటికి వచ్చినవాళ్లంతా యార్డు మనుషులే. పేలిక చూసి ఎవరూ మళ్లీ ఏమీ అడగలేదు.

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ల్యాప్‌టాప్‌లోనే. రూత్ గోడ ముందు కుర్చీ వేసుకుంది. పక్క గదిలో రత్నవ్వ చేట ముందు పెట్టుకుని, ఏరకుండా వింటోంది. అంకిత మేడం గొంతు మెత్తగానే ఉంది, ప్రశ్నలు మాత్రం మెత్తగా లేవు. రూత్ కొన్నింటికి గబగబా చెప్పింది. ఒకదానికి, "ఇది నాకు తెలియదు మేడం" అంది. రత్నవ్వ నెత్తి కొట్టుకుంది.

"మీ మెయిల్ రాకముందే పసుపు గీత చూశాం. మీ ఫైలు పక్కన పెట్టేశాం కూడా" అంది మేడం. "అంత కష్టమైన మెట్లు రాసి, ఆ చిన్నదాన్ని ఎందుకు వదిలేశారు?"

"సులువని వదిలేశాను మేడం. నింపేటప్పుడు తెలిసింది సులువు కాదని."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. తర్వాత మేడం, "మీ అమ్మగారు ఉన్నారా?" అంది.

రత్నవ్వ చేటతో సహా లేచింది. తల మీద కొంగు సర్దుకుని, పసుపు అంటిన చేతులు వెనక దాచుకుని తెర ముందుకు వచ్చింది.

"అమ్మా, నొక్కింది మీరేనా?"

"నేనే నొక్కిన మేడం. పసుపొస్తే మంచిదనుకున్న. గా మిషిన్ల రంగులు పెట్టినోళ్లు ఎవలు?"

"ఎక్కడో దూరదేశం వాళ్లమ్మా."

"గందుకే. ఆర్మూర్‌ల ఒక్క మాట అడిగి పెట్టేదుండె."

తెర మీద మేడం, ఆమె పక్కన ఉన్న ఇద్దరూ కుర్చీల్లో వెనక్కి వాలి నవ్వారు. రూత్ చేతులతో మొహం కప్పుకుంది. నవ్వారంటే ఇచ్చినట్టేనని, గుమ్మంలో వింటున్న సాలోమోను ఊళ్లో చెప్పడానికి అప్పుడే చెప్పులు వేసుకోబోయాడు. రత్నవ్వ వాటిని చేటతో అవతలికి నెట్టింది. "గడప దాటినవంటే నీ కాళ్లకు సుత పేలిక కడ్త!"

కబురు వచ్చేసరికి కల్లంలో పసుపు ఎండి, కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము తిరుగుతోంది. ఆ చప్పుడులో రూత్ ఫోను వినబడక, ఒక చెవి మూసుకుని గోడ చాటుకు వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు నడుస్తోందో గెంతుతోందో తెలియలేదు. డ్రమ్ము ఆపమని చేతులు ఊపింది.

"వచ్చిందమ్మా! ఇచ్చిండ్రు!"

"ఏం పని?" అంది రత్నవ్వ. మొదట అది తేలాలి.

"వాళ్ల మిషిన్‌కు నేర్పనీకి పెద్ద కుప్పనే ఉన్నదంట నిరూపణలది. చాలామంది కలిసి రాసిండ్రు. అందరు సులువని ఇడిసిపెట్టిన మెట్లు మస్తున్నయంట, అన్ని పసుపు గీతలే. మిషిన్ కొన్ని తనే నింపుతది. నింపలేనియి నేను నింపాలె. ‘వదిలేస్తే ఎట్లుంటదో నీకు తెలిసింది కదా, అందుకే నువ్వు’ అన్నది మేడం."

"అంటే ఆరని సంచులు ఎండవోసే పని."

"అదే."

"మంచి పని" అంది రత్నవ్వ. అని, డ్రమ్ము వైపు తిరిగి, పసుపు దుమ్ము కళ్లల్లో పడిందని కొంగుతో చాలాసేపు తుడుచుకుంది. దుమ్ము ఎటు నుంచి వస్తుందో చూద్దామని సుకుమార్ చుట్టూ తిరిగితే చెంప మీద ఒకటి తగిలింది, మెత్తగానే.

ఆ ఆదివారం సాక్ష్యాలకు పిలిచినప్పుడు సాలోమోను లేవబోయాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో లేవడం చూసి ఆగిపోయాడు. రత్నవ్వ. పెళ్లై వచ్చిన నాటి నుంచి ఆమె ఆ మైకు ముట్టింది లేదు. మోకాలు పట్టుకుంటూ ముందుకు నడిచింది.

"మొన్న మా ఆయన చెప్పింది గప్పటికి నిజం గాదు. గిప్పుడు నిజమైంది. ఆరలేదని మనసుల పేలిక కట్టుకొని తిరిగిన. ఇయ్యాల విప్పిన. గంతే. స్తోత్రం."

కూర్చుంది. చర్చిలో అంత చిన్న సాక్ష్యం ఎవరూ వినలేదు. ముత్తెమ్మ చెవి దగ్గరికి వంగి, "మిఠాయి?" అంది.

"బయటికి రా, పెడ్త. నోట్ల పట్టినంత."

రూత్ వెళ్లే రోజు సుకుమార్ ట్రాలీ ఆటోలోనే అందరూ బస్టాండుకు వెళ్లారు. ఖాళీ సంచుల మీద కూర్చుని, ఎర్ర సూట్‌కేసును నడుమ పెట్టుకుని. హైదరాబాద్ బస్సు వచ్చాక రత్నవ్వ సూట్‌కేసు పిడికి ఉన్న ముడిని పళ్లతో లాగి విప్పింది. పేలికను మడిచి కూతురి చేతిలో పెట్టింది.

"ఉంచుకో. ఆడ పనికొస్తది."

"ఏడ కట్టాలె అమ్మా?"

"ఎవలన్న ‘గిది అందరికి ఎర్కున్నదే, ఇడిసిపెట్టు’ అంటే వాళ్ల మూతికి కట్టు. ముందు నాకే కట్టేదుండె."

బస్సు కదిలింది. రూత్ కిటికీలోంచి చెయ్యి ఊపింది, పేలిక పట్టుకున్న చెయ్యే. బస్సు మలుపు తిరిగిందో లేదో సాలోమోను చేతులు రెండూ పైకెత్తాడు.

"స్తోత్రం! బిడ్డ క్షేమంగ హైదరాబాద్ చేరింది!"

రత్నవ్వ ట్రాలీ ఎక్కుతూ మొగుడి తువ్వాల పట్టుకుని లాగింది.

"ఎక్కు ఎక్కు. ముందు ఊరవతలి పెర్కిట్ దాటనియ్యి."